బంతిపూవును, భాషాగృహమును

అంబర్‌పేటలోని బతుకమ్మకుంట మరల నీటితో నిండినది. పూడికచేతను ఆక్రమణలచేతను ఏండ్లతరబడి కనుమరుగై యుండిన ఆ కుంటను హైడ్రా సంస్థ త్రవ్వించి, 2025వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, బతుకమ్మ పండుగ దినములలోనే ప్రజలకు అప్పగించినది. తంగేడు, గునుగు, బంతి, చేమంతి దొంతరలుగా పేర్చిన బతుకమ్మలు ఆ గట్టుమీద దిగినవి. ఆ దొంతరలలోని ఒక్క పూవును గూర్చి నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి. అది బంతిపూవు.

బంతిపూవు లేని గుమ్మము పండుగనాడు మనకు గుమ్మమే కాదు. పెండ్లిపందిరికి అదియే, దేవుని పటమునకు అదియే, ఆయుధపూజనాడు బండిచక్రమునకును అదియే. ఇంతగా మనదైన ఈ పూవు మన నేలమీద పుట్టినది కాదు. దీని పుట్టినిల్లు మెక్సికో దేశము. పోర్చుగీసువారి ఓడలు అమెరికా ఖండమునకును మన పశ్చిమ తీరమునకును రాకపోకలు సాగించిన కాలమున ఇది సముద్రములు దాటి వచ్చినది. పుట్టినింట నేటికిని దానికి గొప్ప గౌరవమున్నది. నవంబరు 1, 2 తేదీలలో మెక్సికోవారు తమ గతించిన పెద్దలను ఇంటికి పిలుచుకొందురు. వేదికయొకటి అమర్చి, పెద్దల పటములుంచి, వారికిష్టమైన భోజ్యములు పెట్టి, వీథినుండి వేదికవఱకు బంతిరేకులు పఱతురు. ఆ రంగును ఆ వాసనను పట్టుకొని పితరులు దారి తప్పక ఇల్లు చేరుదురని వారి విశ్వాసము. మన బతుకమ్మ మొదలగు దినమేది? పెత్తరమాస. పెద్దలకు బియ్యమిచ్చుకొను ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ. ఎవరును ఎవరికిని చెప్పకయే, రెండు జాతులు పెద్దల తలంపును పూవులతో ముడివేసికొనినవి. ఆ పూవులలో ఒకటి ఉభయులదియు ఒక్కటే!

పూవు సంగతి యట్లుండ, భూస్వాములైన మా పాఠకులు తమ పొలములవైపు చూడుడు. గుంటూరు సీమకు పేరు తెచ్చిన మిరప, అనంతపురము మెట్టలకు ఆధారమైన వేరుసెనగ, తెలంగాణమున ఎకరములకు ఎకరములు వేయుచున్న మొక్కజొన్న, పెరటిలోని బొప్పాయి, జామ, తీరమునందలి జీడిమామిడి, నిత్యము కూరలో పడు టమాట, ఇవన్నియు అమెరికా ఖండపు ఆడపడుచులే. పాలమూరు గుట్టలమీద దానంతటది కాయు సీతాఫలమును ఆవలి గడ్డదే. దానికి సీతమ్మ పేరు పెట్టి మన పురాణములలో చేర్చుకొంటిమి. ఇంతటి ఆతిథ్యము మన జాతికి సహజము. ఐతే ఒక్క ప్రశ్న. పంటలను ఇంటిలోనికి తెచ్చుకొన్న మనము, ఆ పంటలను వేలయేండ్లు పెంచి మనకందించిన జనుల పాటను, బొమ్మను, కథను ఏల తెచ్చుకొనలేకపోతిమి?

దూరమనుట సాకు. అంబర్‌పేటకు కూతవేటు దూరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణమున్నది. దానినంటి తార్నాకవైపు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున్నది. 1958లో ఆంగ్లబోధన నిమిత్తము కేంద్రసంస్థగా ఆరంభమై, 1972లో ఇతర విదేశభాషలను పేరులో చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన ఈ విద్యాలయమున స్పానిషు భాషకు, సాహిత్యమునకు ప్రత్యేక శాఖయే కలదు. మెక్సికో మొదలుకొని అర్జెంటీనా కొనవఱకు కోట్లాది జనుల మాతృభాష మన ముంగిటనే బోధింపబడుచున్నది. కాని ప్రాకారమునకు ఈవలనున్న గృహస్థునకు ఆ భాషయొక్క ఒక్క పాటయైనను వినబడదు. లోపల నేర్చుకొన్నవారిలో పెక్కుమంది దానిని ఉద్యోగసాధనముగా మాధాపురమునకు తీసికొనిపోవుదురు. అందు దోషమేమియు లేదు. బ్రతుకుతెరువు ఎవరికైనను ముఖ్యమే. కాని భాషయనగా జీతపు పట్టికలోని ఒక పంక్తి మాత్రమేనా?

ఈ సందర్భమున అమెరికా సంయుక్తరాష్ట్రములందు నెలకొన్న లాటినో కళానిలయములను పాఠకులకు పరిచయము చేయవలసియున్నది. మెక్సికో, పోర్టోరికో, క్యూబా మొదలగు దేశములకు చెంది సంయుక్తరాష్ట్రములలో నివసించు జనులను లాటినోలందురు. 2020 జనాభా లెక్కలలో వారి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. వీరందఱును పరదేశమునుండి వలస వచ్చినవారని తలంచుట పొరపాటు. 1848లో యుద్ధానంతరము గ్వాదలూపె హిదాల్గో సంధివలన మెక్సికో తన భూభాగములో సగముపాలు కోలుపోయినది. నాడు టెక్సస్, కాలిఫోర్నియా, న్యూమెక్సికో సీమల జనులు తమ ఇండ్లలో తాము కూర్చుండియే మఱియొక రాజ్యమున పరభాషలవారైరి. హోసూరు, బళ్లారి, బరంపురము తెలుగువారికి ఈ అవస్థను వివరింపనక్కఱలేదు. గీత గీచినవాఱు వేఱు, గీతకు ఆవల పడినవాఱు వేఱు.

అట్టివారి పిల్లలు బడిలో తల్లిభాష పలికినందులకు దండింపబడిన కాలము టెక్సస్‌లో చాలకాలము సాగినది. పోర్టోరికో ద్వీపమున బడిలో ఆంగ్లమే బోధనభాషగా రుద్దబడి, 1949లోగాని స్పానిషు తన స్థానమును పూర్తిగా పొందలేదు. న్యూయార్కు నగరపు పెద్ద చిత్రశాలలలో వారి చిత్రమునకు గోడ దొఱకదు, వారి పాటకు వేదిక దొఱకదు. అప్పుడు వారేమి చేసిరి? 1969లో తూర్పు హార్లెము పేటయందలి పోర్టోరికో తల్లిదండ్రులు తమ పిల్లల చదువులో తమ సంస్కృతికి చోటు కావలెనని పట్టుపట్టిరి. రఫాయెల్ మొంటాన్యెజ్ ఒర్టిజ్ అను కళాకారుడు పూనుకొనగా, ఒక బడిలోని తరగతి గదియే చిత్రశాలయైనది. దానికి వారు పెట్టుకొన్న పేరు ఎల్ మ్యూజియో డెల్ బారియో. అనగా పేట చిత్రశాల యని అర్థము. రాజుల పేరు కాదు, ధనికుల పేరు కాదు, పేట పేరు!

తరువాత 1977లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు మిషన్ పేటలో ఒక కళాకేంద్రము వెలసినది. 1980లో శాన్ ఆంటోనియో నగరమున గ్వాదలూపె కళాకేంద్రము స్థాపితమైనది. లాస్ ఏంజెలిసు తూర్పుపేటలో ఒక క్రైస్తవ సన్న్యాసిని పూనికతో అచ్చుబొమ్మల కార్మికశాలయొకటి పుట్టి, పితరుల పండుగను పేట వీథులకు తెచ్చినది. ఈ నిలయములందు జరుగునది ఆటపాటలు మాత్రమే కాదు. పిల్లలు బొమ్మ చెక్కుట నేర్తురు. ముసలివారు పాట నేర్పుదురు. గ్వాదలూపె కేంద్రమున ఏటేట జరుగు కాన్‌హుంటో సంగీతోత్సవమునకు ప్రాణమైన వాద్యము అకార్డియను. అది జర్మనులు తెచ్చిన పరికరము. మన పద్యనాటకమునకు ప్రాణమైన హార్మోనియము ఐరోపానుండి వచ్చినట్లే! పరుల వాద్యముమీద తమ పాటను పలికించుకొన్న జాతి ఓడిన జాతి కాదు.

ఇక ప్రభుత్వమేమి చేసినది? లాటినోలకై ఒక జాతీయ చిత్రశాల నిర్మింపవలెనని సంయుక్తరాష్ట్రముల శాసనసభ చట్టము చేసినది 2020 డిసెంబరులో. తరగతి గదిలో పేట చిత్రశాల వెలసినది 1969లో. నడుమ గడచినది అర్ధశతాబ్దము. ప్రజ ముందు నడచినది. ప్రభుత్వము వెనుక వచ్చినది. సంస్కృతి విషయమున ఎక్కడనైనను ఇదియే క్రమము.

ఈ కథ వినుచున్నపుడు మా మనస్సు న్యూయార్కున నిలువలేదు. అది సుల్తాను బజారునకు పోయినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి బుద్ధి, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారి అండ, రంగారావుగారి ఇల్లు, ఈ మూడును కలియగా, తెలుగువారు అధికసంఖ్యాకులైయుండియు తెలుగునకు రాజద్వారమున స్థానము లేని నగరమున తెలుగునకొక గుమ్మము దొఱకినది. నిలయమను మాటను గమనింపుడు. అది పుస్తకముల కొట్టడి పేరు కాదు. భాషకు ఇల్లు కట్టితిమని వారు చాటిన పేరు.

ఇల్లు కట్టిన ఇరువదియేండ్లకును వీథిలో గౌరవము రాలేదు. 1921 నవంబరులో ఈ నగరమున వివేకవర్ధినీ నాటకశాలయందు మహర్షి కార్వేగారి అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగినది. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున పలుకబోగా సభలో హేళన చెలరేగినది. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సంస్కారము కొఱకు కూడిన సభలోనే ఈ అవమానము జరిగెనన్న మాటను మఱువరాదు. తల్లిభాషను చిన్నచూపు చూచువారు ఎల్లప్పుడును దుర్మార్గులై యుండరు. సభ్యులును విద్యావంతులును నైన పెద్దమనుష్యులే తెలియకయే ఆ పని చేయుచుందురు.

అటుపిమ్మట 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో బాలికలకు తెలుగు పాఠశాల నెలకొల్పిరి. తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. 1943లో ఆంధ్రసారస్వత పరిషత్తు ఏర్పడినది. లేరన్నవారిని తిట్టక, ఉన్నారని చూపిన ఆ విధానమునకును, గోడ ఇయ్యనివారితో జగడమాడుచు కూర్చుండక తరగతి గదిని చిత్రశాలగా మార్చిన హార్లెము తల్లిదండ్రుల విధానమునకును భేదమేమున్నది?

ఇదే అంబర్‌పేట చెంత నిలిచిన ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఈ కథకు సాక్షియే. 1918లో ఆరంభమైన ఈ విద్యాలయము ఆంగ్లమును విడిచి ఉర్దూలో ఉన్నతవిద్య బోధించి, దేశభాషలో శాస్త్రము చెప్పవచ్చునని లోకమునకు నిరూపించినది. అది మెచ్చదగిన సాహసము. కాని ఆ దేశభాష రాజ్యములోని అధికసంఖ్యాకుల భాష కాలేదు. 1938లో వందేమాతరము పాడిన విద్యార్థులు బహిష్కృతులై నాగపురమునకు పోయి చదువుకొనవలసివచ్చినది. ఒకే ప్రాంగణమున ఒక భాషకు పట్టాభిషేకము, ఒక గీతమునకు నిషేధము! అట్టి అనుభవముగల ఊరు, మఱియొక జాతియొక్క భాషావేదనను తనదిగా గుర్తింపలేనిచో అనుభవించి ప్రయోజనమేమి?

ఇప్పుడు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. మొదటి ఆక్షేపణ బలమైనది. "ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. మన పిల్లలకు తెలుగు చదువుట రాకపోవుచుండగా లాటినో పాట యేల?" అని ప్రశ్నించువారు కలరు. వారి బాధ మా బాధయే. కాని తెలుగును వెనుకకు నెట్టినది స్పానిషు కాదు. ఆంగ్లమొక్కటియే లోకమని మనము పెట్టుకొన్న భ్రమ. లోకమున ఆంగ్లముగాక గొప్ప భాషలున్నవనియు, ఆంగ్లప్రభుత్వపు నడిబొడ్డున కోట్లమంది తమ తల్లిభాషకై పోరి నిలిచిరనియు మన పిల్లవానికి తెలిసిననాడు, వాడు తన తెలుగును చూచి సిగ్గుపడుట మానును. పరాయి తల్లిని గౌరవించుట నేర్చినవాడు కన్నతల్లిని అగౌరవింపడు.

అదియుగాక, లాటిన్ అమెరికా సాహిత్యమును మనము చాలవఱకు ఆంగ్లపు కిటికీగుండనే చూచుచున్నాము. స్పానిషు నేర్చిన తెలుగు యువకులు తార్నాకలోనే యుండగా ఈ చుట్టుత్రోవ యేల? నేరుగా స్పానిషునుండి తెలుగునకు, తెలుగునుండి స్పానిషునకు ఒక్కొక్క కథ చొప్పున మార్చుకొనినను పదియేండ్లలో ఒక చిన్న గ్రంథాలయమగును.

రెండవ ఆక్షేపణ. "మనకును వారికిని పూర్వ సంబంధమేమున్నది?" ఉన్నది. రవీంద్రనాథ ఠాకూరుగారు 1924లో అర్జెంటీనాలో అస్వస్థులై యుండగా విక్టోరియా ఒకాంపో అను విదుషీమణి ఆతిథ్యమిచ్చి సేదదీర్చినది. ఆ చెలిమికి గుర్తుగా కవి తన పూరబి కావ్యమును ఆమెకే అంకితమిచ్చెను. గదర్ విప్లవవీరుడు పాండురంగ ఖాన్‌ఖోజెగారు ఆంగ్లప్రభుత్వపు వేటకు చిక్కక, ఆ దశాబ్దముననే మెక్సికో చేరి, చపింగో వ్యవసాయ విద్యాలయమున ఆచార్యుడై, మొక్కజొన్నమీద పరిశోధనలు సాగించెను. ప్రఖ్యాత చిత్రకారుడు డియెగో రివేరా తన కుడ్యచిత్రమున ఆయన రూపమును నిలిపెను. స్వదేశమున తలదాచుకొన తావులేని మనవానికి రొట్టెయు, పీఠమును, గోడమీద స్థానమును ఇచ్చిన దేశమది. ఆ ఋణమును మనమింకను తీర్చుకొనలేదు.

మూడవ ఆక్షేపణ మాలోనే పుట్టినది. ఇట్టి నిలయములు క్రమముగా వేషభాషల ప్రదర్శనశాలలగుట కద్దు. ఒక నృత్యము, రెండు తినుబండారములు, నాలుగు ఛాయాచిత్రములతో సంస్కృతి ముగిసిపోవును. నగరమున సాల్సా నృత్యము నేర్పుచోట్లు ఇప్పటికే కలవు. అవి వినోదమునకు మంచివే. కాని ఆ పాట వెనుకనున్న చెఱకుతోటల బానిసల గోడును ఎవరు చెప్పుదురు? ఆ గోడు తెలియక ఆడిన నృత్యము వ్యాయామము మాత్రమే. కావున నిలయమున మొదట ఉండవలసినది పుస్తకము, తరువాత పాట, కట్టకడపట పలహారము.

నాల్గవది ధనము. అమెరికా పేటలందును ఈ నిలయములకు శత్రువు రాజు కాదు, అద్దె. పేటకు అందము తెచ్చినవారే అద్దెలు పెరిగి పేట విడిచిపోవు విపరీతము అక్కడ జరుగుచున్నది. నేల విలువ ఆకాశమునంటిన మన నగరమున ఈ భయము మఱింత ఎక్కువ. కుంటలకే చోటు మిగులని చోట కళకు చోటెక్కడిది? బతుకమ్మకుంటలో నేడు మిగిలినది అయిదెకరముల మేర మాత్రమే. దానిని దక్కించుకొనుటకే ఇంత కాలము పట్టినది. కనుకనే నిలయము సొంత గోడలమీద నిలువవలెనుగాని ఒకరి దయమీద నిలువరాదు.

మేము కోరునది రాజప్రాసాదము కాదు. అంబర్‌పేటలోనో తార్నాకలోనో, విశ్వవిద్యాలయపు గోడకు ఈవల, దారిన పోవువాడు చెప్పులు విడిచి లోపలికి రాదగిన ఒక్క పెద్ద గది. అందొక బీరువానిండ స్పానిషు, పోర్చుగీసు గ్రంథములు, వాని సరసన తెలుగు అనువాదములు. నెలకొక సాయంకాలము ఆ దేశముల పాటయొకటి, మన ఒగ్గుకథయో బుఱ్ఱకథయో యొకటి, ఒకే చాపమీద. పెత్తరమాసకును నవంబరు 2వ తేదీకిని నడుమ బంతిపూల పండుగ. విద్యార్థులు పూనుకొని కూర్చు స్పానిషు తెలుగు పదకోశము. నెలనెల జమాఖర్చులు గుమ్మము ప్రక్కన అంటింపబడవలెను. ఏ కులమునకును, ఏ పక్షమునకును తాళపుచెవి చిక్కరాదు. నగరపాలక సంస్థ కట్టించిన సామాజిక భవనములు పెండ్లిభోజనములకు మాత్రమేనా? నెలకొక సాయంకాలమును అక్షరమునకు విడిచిన తప్పేమి?

భూస్వాములతోను పురజనులతోను ఒక మాట. రావిచెట్టు రంగారావుగారు తమ ఇంటిని ఇచ్చినపుడు ప్రభుత్వపు ఉత్తరువుకొఱకు కనిపెట్టుకొని యుండలేదు. నేటి ఒక పెండ్లిపందిరి వ్యయములో పదియవ పాలు ఇట్టి గదికి ఏడాది అద్దె కాగలదు. మన బిడ్డలు డర్బనులో 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనిరి. మలేషియాలో 1955లో సంఘము కట్టిరి. అమెరికాలో 1977నుండి తెలుగు మహాసభలు జరుపుకొనుచున్నారు. పరదేశమున మన భాషకు ఇల్లు దొఱకినపుడు సంతసించితిమి. అట్టి సంతోషము మన ఊరిలో మఱియొక భాషకు కలిగింపలేనిచో, మనము ఎక్కడికి పోయినను అతిథులమేగాని ఆతిథ్యము తెలిసినవారము కాము.

తుదకు పాఠకులు తమ్ము తాము ఒక ప్రశ్న వేసికొందురుగాక. సుల్తాను బజారులోని భాషానిలయపు మెట్లు మీరు కడపట ఎక్కినదెన్నడు? అన్యుల నిలయమును మెచ్చి స్వజనుల నిలయమును మఱచుట మా ఉద్దేశము కాదు. రెండును ఒక్కటే పని. మొదట అక్కడికి పోయి ఒక గంట కూర్చుండుడు. ఒక పుస్తకము తీసి దుమ్ము దులుపుడు. పిదప తార్నాకకు వచ్చి కొత్త గదికి తలుపు వెదకుడు. రాబోవు పెత్తరమాసనాడు బతుకమ్మకుంట గట్టుమీద బంతిపూవు నీటిలో విడుచు ఆడపడుచునకు, ఆ పూవు పుట్టింటి పేరును, ఆ పుట్టింటివారి ఒక్క పాటను చెప్పగల గది ఈ పేటలో ఒకటి యుండవలెను.